షిఫ్ట్ బటన్ నాది

కొత్త గేమ్ ఏదైనా బాగుందని చెప్పాలంటే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "అబ్బ, సినిమా చూస్తున్నట్టే ఉంది!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సినిమా చూస్తున్నట్టే ఉంటే సినిమాయే చూడొచ్చుగా, మధ్యలో చేతికి రిమోట్ ఎందుకు? వాన నిజంగా కురుస్తున్నట్టుందనీ, హీరో నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోందనీ మురిసిపోతుంటారు. మేం ఆడిన ఆటల్లో హీరోకి అసలు మొహమే సరిగ్గా ఉండేది కాదు. ముక్కు ఎక్కడో, మూతి ఎక్కడో ఊహించుకోవాల్సిందే. అయినా వాటిలో కొన్ని ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఒకసారి తీరిగ్గా చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది తెనాలి. తొంభైల చివరి రోజులు. అన్నయ్యకి ఏడో తరగతి పబ్లిక్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చిందని నాన్న బోసు రోడ్డులో ఒక షాపు నుంచి వీడియో గేమ్ కొనుక్కొచ్చారు. జపాన్‌లో నింటెండో వాళ్లు 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే మెషీన్‌కి అది నకలని మాకు చాలా ఏళ్లదాకా తెలీదు. తెలిసినా చేసేదేం లేదు, ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఆ నకళ్లే. పసుపుపచ్చ క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని రాసి ఉండేది. తీరా పెట్టి చూస్తే ఉన్నవి గుప్పెడు ఆటలు, వాటినే పేర్లు మార్చి, స్టేజీలు మార్చి మళ్లీ మళ్లీ లిస్టులో పెట్టేవాడు. టీవీ వెనకాల యాంటెన్నా వైరు పీకి, వీడియో గేమ్ వైరు గుచ్చి, ఛానల్ ట్యూన్ చేసుకోవాలి. ఓ గంట ఆడితే అడాప్టర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. క్యాసెట్ మొరాయిస్తే బయటికి తీసి, గట్టిగా ఊది, మళ్లీ పెట్టడం. అలా ఊదితే నోటి తడికి లోపలి పిన్నులు ఇంకా పాడవుతాయట, తీసి మళ్లీ పెట్టడం వల్లే పనిచేసేదట. ఈ సంగతి అప్పుడెవరైనా చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

రిమోట్లు రెండు. మొదటిదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి. రెండోదానికి అవి లేవు. మొదటిది ఎవరిదో, రెండోది ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటా. ఆట మొదలుపెట్టాలన్నా, మంచినీళ్లు తాగొస్తానంటే ఆపాలన్నా అన్నయ్య దయ. కాకినాడలో మా పిన్ని కూతురికీ ఇంతే, మా వీధి చివరింటి లక్ష్మికీ ఇంతే. ఆడపిల్లకి రెండో రిమోట్ అని ఎక్కడా రాసిలేదు గానీ, ఊరూరా అదే చట్టం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ మా వెనకాల మడత మంచం వాల్చుకుని పడుకునేది. నిద్రపోయేది కాదు, చూసేది. ఆటలో హీరో మారియోని "మీసాలాయన" అనేది. "ఆ మీసాలాయన ఎక్కడికే అంత పరుగు?" అంటే, యువరాణిని రాక్షసుడు ఎత్తుకుపోయాడని చెప్పాం. ఓహో అంది. తెలిసిన కథే కదా. కానీ కోట దాకా వెళ్లి, రాక్షసుణ్ణి పడేసి, అవతలికి పోతే ఓ టోపీ బొమ్మ నిలబడి "మీ యువరాణి వేరే కోటలో ఉంది" అంటుంది. మొదటిసారి నేను దాన్ని తెలుగులో చదివి చెప్పగానే నాయనమ్మ లేచి కూర్చుంది. "హనుమంతుడు వెతికింది ఒక్క లంకేనే. వీడికి ఇంకా ఎన్ని లంకలో, పాపం!" ఎనిమిది. చివరిదాంట్లో గానీ యువరాణి దొరకదు.

అన్నయ్య ట్యూషన్‌కి పోయిన ఓ సాయంత్రం మొదటి రిమోట్ తీసి నాయనమ్మ చేతిలో పెట్టాను. ఆవిడకి ఇంగ్లిష్ ఒక్క అక్షరం రాదు. తెలుగు కూడా కూడబలుక్కునే చదివేది. నేనేం చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఏం చేస్తుందో చూద్దామని. తెర మీద మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపు అంతా ఖాళీ. బొటనవేలితో అటూ ఇటూ నొక్కి చూసింది. ఎడమకి పోనివ్వలేదు, కుడికి పోతున్నాడు. సరే, కుడికే పోనిచ్చింది. గోధుమరంగులో ఒకటి గునగునా నడుచుకుంటూ ఎదురొచ్చి తగిలింది, చచ్చాడు. "అయ్యో" అంది. మళ్లీ మొదలు. ఈసారి అది దగ్గరికొచ్చేసరికి కంగారులో ఉన్న బటన్లన్నీ నొక్కేసింది. వాటిలో ఒకటి ఎగిరేది. దాటేశాడు. ఎగిరే బటన్ ఏదో తెలిసిపోయింది.

ఆ తర్వాత ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెకి తల తగిలి పుట్టగొడుగు బయటికొచ్చింది. అది ఇందాక చంపినదానిలాగే ఉంటుంది కదా, నాయనమ్మ "అమ్మో, ఇంకోటే!" అని భయపడింది. పుట్టగొడుగు కుడివైపు జారుకుంటూ కిందపడి, అక్కడున్న గొట్టానికి కొట్టుకుని వెనక్కి తిరిగి నేరుగా ఈవిడ మీదికే వచ్చింది. ఎగిరి దాటుదామంటే పైన ఇటుకలు. తల తగిలి మళ్లీ దానిమీదే పడింది. పడగానే మారియో రెండింతలయ్యాడు. "ఓసినీ, ఇది మంచిదేనే!" అని నావైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు.

ఆ గొట్టం అక్కడ ఉండటం, ఆ ఇటుకలు సరిగ్గా ఆ ఎత్తులో ఉండటం యాదృచ్ఛికం కాదు. 1985లో ఆ ఆటను తయారుచేసిన షిగెరు మియమోటో, తకాషి తెజుకా 2015లో ఒక ఇంటర్వ్యూలో కూర్చుని ఆ మొదటి స్టేజీని ముక్కముక్కగా విడమర్చి చెప్పారు. ఎదురొచ్చేది తగిలితే చస్తామని ముందు తెలియాలి. పుట్టగొడుగు మంచిదని ఆ తర్వాత తెలియాలి. భయపడి పారిపోదామనుకున్నా తప్పించుకోవడం కష్టమయ్యేలా దాన్ని అమర్చారు. అదంతా వింటుంటే నాకు మా హాలూ, మడత మంచం మీద నాయనమ్మా కనిపించారు. క్యోటోలో కూర్చున్న ఆ ఇద్దరు, ఒక్క అక్షరం వాడకుండా, చదువురాని తెనాలి ముసలావిడకి పాఠం చెప్పి, ఆవిడంతట ఆవిడే కనిపెట్టినట్టు సంతోషపెట్టారు. మొత్తం ఆట సైజు 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ అంతకంటే పెద్దది. చోటు చాలక ఆకాశంలో మేఘాలకీ, నేల మీద పొదలకీ ఒకే బొమ్మ వాడారు, తెలుపు పూస్తే మేఘం, ఆకుపచ్చ పూస్తే పొద. ఇది తెలిశాక ఒకసారి ఆడి చూడండి, ఇక ఎప్పటికీ మేఘం మేఘంలా కనిపించదు.

టైము వందకి తగ్గగానే పాట ఒక్కసారిగా వేగం అందుకునేది. కోజి కోందో కట్టిన పాట అది. నాయనమ్మకి తాళం తెలుసు, వేగం మారగానే "కానియ్ కానియ్, పొద్దుపోతోంది" అనేది.

ఆవిడ ట్రంకుపెట్టెలో ఒక పాత వైకుంఠపాళి పటం ఉండేది. శివరాత్రి జాగారానికి బయటికొచ్చేది. గవ్వలు వేసి ఆడటం. నిచ్చెనలకి భక్తి, జ్ఞానం, సత్ప్రవర్తన లాంటి పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. పై వరసల్లో కాచుక్కూర్చుని ఉంటాడు అరుకాషుడు, ఆ పెద్ద పాము. వాడి నోట్లో పడ్డామా, వైకుంఠం గుమ్మం దాకా వెళ్లినవాళ్లం కూడా జర్రున అట్టడుగుకి. ఏం మాట్లాడకుండానే ఆ పటం చెప్పాల్సింది చెప్పేస్తుంది. తెల్లవాళ్లు ఆ పేర్లన్నీ తీసేసి పాములూ నిచ్చెనలూ మాత్రం మిగుల్చుకున్నారు, అది వేరే సంగతి. మారియో ఆడాక నాయనమ్మ ఓ మాట అంది: "ఇదీ మన పటమేనే. కాకపోతే అందులో గవ్వ తప్పు, ఇందులో తప్పు మనది." ఆటల గురించి ఆ తర్వాత నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాల్లో చాలావాటికి ఇంతకుమించిన విషయం లేదు.

కాంట్రా గురించి చెప్పకపోతే మావయసువాళ్లెవరూ నన్ను క్షమించరు. ఇద్దరం కలిసి ఆడేది. నీలం ప్యాంటు అన్నయ్య, ఎర్ర ప్యాంటు నేను. ఒక్క తూటా తగిలినా చావే. మామూలుగా మూడు లైఫులు, అవి మొదటి స్టేజీకే చాలవు. అందుకే ఆ మంత్రం: పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ముప్పై లైఫులు. కజుహిసా హషిమోటో అనే కొనామి కంపెనీ ఉద్యోగి 1986లో గ్రేడియస్ అనే ఇంకో ఆటను ఇంటి మెషీన్ కోసం తయారుచేస్తూ, టెస్ట్ చేద్దామంటే తనకే కష్టంగా ఉందని తన వీలు కోసం పెట్టుకున్న కిటుకు అది. ఇంటర్‌నెట్ లేని రోజుల్లో జపాన్ ఆఫీసులోంచి మా వీధిలోకి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. మాకు మాత్రం మా పక్కింటి బాబీ చెప్పాడు, వాడికి గుంటూరులో వాళ్ల బావ చెప్పాడు.

కానీ కాంట్రాలో నాకు గుర్తుండిపోయింది తుపాకులు కాదు, మూడో స్టేజీ. జలపాతం. అక్కడ కుడికి పోవడం ఉండదు, మెట్టు మెట్టుగా పైకి ఎక్కాలి. పైనుంచి బండలు దొర్లుకుంటూ వస్తుంటాయి. ముందున్నవాడు పైకెక్కితే తెర కూడా వాడితో పాటు పైకి జరుగుతుంది. వెనకబడ్డవాడు తెర అడుగున పడ్డాడంటే, తూటా లేదు, బండ లేదు, చచ్చినట్టే లెక్క. అన్నయ్యకి దూకుడు ఎక్కువ. తను టకటకా ఎక్కేసేవాడు, నేను కింద చచ్చేదాన్ని. "ఆగు అన్నయ్యా, నేనింకా కిందే ఉన్నా!" అని అరిచేసరికే ఒక లైఫ్ పోయేది. ముప్పైలో సగం నాకు శత్రువుల వల్ల కాదు, అన్నయ్య వల్ల పోయాయి.

మా ఇద్దరికీ గొడవై, అమ్మ వంటింట్లోంచి వచ్చి స్విచ్ పీకేసిన రోజులున్నాయి. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ చెప్పకుండానే, తను ఒక మెట్టు ఎక్కి ఆగడం మొదలుపెట్టాడు. నేను వచ్చాక "ఊఁ" అనేవాడు. ఇద్దరం కలిసి ఎగిరేవాళ్లం. నీతిశతకం చెప్పలేదు, నాన్న బెల్టు తీయలేదు. పక్కనున్నదాన్ని వదిలేసి పైకెక్కితే అది చస్తుందనే ఒక్క రూలు ఆటలో ఉంది, అంతే. ఆ రూలు రాసినవాళ్లు ఇదంతా ఆలోచించి రాశారో, మెషీన్‌లో తెర ఒక్కటే కాబట్టి అలా కుదిరిందో చెప్పలేను. మాకైతే పని జరిగింది.

ఆ తర్వాతి వేసవిలో మమ్మల్ని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. డాస్, వర్డ్‌స్టార్, బేసిక్. చెప్పులు బయట వదిలి, కాళ్లు పట్టాకి తుడుచుకుని, ఏసీ గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లాలి. శనివారం చివరి గంట సార్ గేమ్స్ పెట్టుకోనిచ్చేవారు. కంప్యూటర్‌కి ఇద్దరు. నేనూ అన్నయ్యా ఒకే కంప్యూటర్. అక్కడ దొరికింది ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆట.

రెండో రిమోట్ లేదు. ఉన్నది ఒకటే కీబోర్డు. కాబట్టి పంచుకున్నాం. బాణాల బటన్లు నాలుగూ అన్నయ్యవి, షిఫ్ట్ బటన్ నాది. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ, ఆ ఆట తెలిసినవాళ్లకి షిఫ్ట్ విలువ తెలుస్తుంది. అన్నయ్య పరిగెత్తించి ఎగిరిస్తాడు. అవతలి గోడ అంచు అందుకుని వేలాడాలంటే సరిగ్గా సమయానికి నేను షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. కాస్త ఆలస్యమైందా, కింద శూలాలు. ఆ చప్పుడు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సీసాలో మందు తాగడం నాది. కత్తి అందుకోవడం నాది. కత్తితో పొడవడం నాది. అన్నయ్యకి దాడి అడ్డుకోవడం, ముందుకీ వెనక్కీ జరగడం.

జోర్డాన్ మెక్‌నర్ అనే అమెరికన్ కుర్రాడు నాలుగేళ్లు కష్టపడి 1989లో పూర్తిచేసిన ఆట అది. తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేసి, పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునీ చూసి బొమ్మ గీసుకున్నాడు. మన యువరాజు ఆగేటప్పుడు రెండడుగులు జారతాడు, అంచు ఎక్కేటప్పుడు కాళ్లు తన్నుకుంటాడు. ఆ బరువు మాకు తెలిసేది. మారియో బంతిలా గెంతేవాడు, వీడు మనిషిలా పడేవాడు. చేతిలో ఉన్నది అరవై నిమిషాలు, పన్నెండు లెవెళ్లు. మూడో లెవెల్ నుంచి కంట్రోల్-జి కొట్టి ఆట దాచుకోవచ్చు. కానీ దాచుకోవడానికి చోటు ఒక్క ఆటకే. మా తర్వాతి బ్యాచ్‌వాళ్లు దాచుకుంటే మాది తుడిచిపెట్టుకుపోయేది. మళ్లీ శనివారం వచ్చేసరికి ఎవరిదో ఆట, ఎక్కడో మధ్యలో, పావుగంటే మిగిలి! ఆ బాధ పడలేక కొందరు ఆట పేరు పక్కన మెగాహిట్ అని కొట్టి లెవెళ్లకి లెవెళ్లు దాటేసేవారు. మాకూ తెలుసు ఆ విద్య, అన్నయ్య వాడేవాడు కూడా.

నాలుగో లెవెల్ చివర దారికి అడ్డంగా నిలువుటద్దం ఉంటుంది. పక్కకి దారి లేదు. పరిగెత్తి అద్దంలోకి దూకడమే. దూకితే అవతలి వైపు నుంచి మనలాంటివాడే ఒకడు, నీడలాంటివాడు, బయటపడి పారిపోతాడు. మన ప్రాణంలో ఒక్క గీటు మిగులుతుంది. అయిదో లెవెల్లో మనం తాగాల్సిన మందు ముందే వచ్చి గటగటా తాగేస్తాడు. ఆరో లెవెల్లో మనం అందుకోబోయే తలుపు మూసేస్తాడు, మనం అగాధంలో పడిపోతాం. వాడంటే మాకు పీకలదాకా కోపం. దొరికితే నరికేద్దామని.

పన్నెండో లెవెల్లో దొరుకుతాడు. ఎదురెదురుగా కత్తులు. నేను షిఫ్ట్ మీద వేలేసి కొట్టాను. తగిలింది. కానీ తెర కింద ఎడమపక్క మన ఎర్ర త్రికోణం ఒకటి పోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ తగిలింది, మళ్లీ మనదే పోయింది. అన్నయ్య "కొట్టవే!" అంటాడు, నేను కొడుతూనే ఉన్నా. చచ్చాం. మళ్లీ ఆడాం, మళ్లీ చచ్చాం. సార్ టైమైపోయిందని లైట్లు ఆర్పేసేవారు. వారమంతా అదే చర్చ. భోజనం దగ్గర, స్కూల్‌కి నడుస్తూ. వాణ్ణి కొడితే మనకెందుకు తగులుతోంది?

ఆ మధ్యలో ఒకరోజు అన్నయ్య నా చేతిని పట్టుకుని షిఫ్ట్ మీంచి తీసేశాడు. "నువ్వు ఊరికే ఉండు." నేను ఊరుకున్నా. ఆ నీడ కూడా కొట్టలేదు. అన్నయ్య కింది బాణం నొక్కాడు. యువరాజు కత్తి ఒరలో పెట్టేశాడు. ఎదుటివాడూ పెట్టేశాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచి ఒకటైపోయారు. తెర తళుక్కుమంది. ఆ పక్కన అంతా అగాధం, నేల లేదు. అయినా పరిగెత్తించాం. పరిగెత్తుతుంటే కాళ్ల కింద పలకలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి. మాకిద్దరికీ నోట మాట లేదు. పక్క కంప్యూటర్‌వాడు వచ్చి "ఏమైందిరా?" అంటే ఏం చెప్పాలో తెలీలేదు.

ఆ నీడ ఎలా పుట్టాడో పెద్దయ్యాక చదివి నవ్వుకున్నాను. యాపిల్ 2 కంప్యూటర్‌లో మెమరీ అయిపోయింది. కొత్త శత్రువుని గీసే చోటు లేదు. ఉన్న యువరాజు బొమ్మనే ఒక్క బిట్టు పక్కకి జరిపి, దానితో దాన్నే కలిపితే మసకమసకగా, మెరుస్తూ ఇంకో ఆకారం వచ్చింది. గతిలేక పుట్టినవాడు ఆ ఆటకే ప్రాణమయ్యాడు. చోటు ఉండి ఉంటే మెక్‌నర్ ఏ బండరాక్షసుణ్ణో గీసి ఊరుకునేవాడేమో.

మీ శత్రువు మీలోనే ఉన్నాడని చెప్పే కథలు మనకి కొదవలేదు. హరికథలో విన్నాం, వేదాంతంలో విన్నాం, విని తలూపి ఇంటికొచ్చి పడుకున్నాం. ఇక్కడ మాత్రం కొట్టిన వేలు నాది. తీసిన వేలూ నాది. పొడిచే బటన్ మీంచి వేలు తీయడమే ఆ ఆటలో కథ మొత్తం. ఆ పని ఆడేవాళ్లే చేయాలి, తెర మీద ఎవడో చేస్తుంటే చూస్తే రాదు. సినిమా చూసినట్టుందంటే నాకు కోపం రావడం ఇందుకే.

ఉద్యోగంలో చేరి హైదరాబాద్‌లో ఉండగా, 2010లో, అమెరికాలో పేరున్న సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని రాశాడు. ఆటలో గెలుపు ఉంటుంది, రూల్స్ ఉంటాయి, పాయింట్లు ఉంటాయి, కళని ఎవరూ గెలవరు, అనుభవిస్తారు, అని ఆయన వాదన. ప్రపంచం మీది గేమర్లందరూ విరుచుకుపడ్డారు. కొన్ని నెలలకి, ఆడకుండా ఆ మాట అనాల్సింది కాదని ఆయనే రాశాడు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు. జీవితమంతా చీకట్లో కుర్చీలో కూర్చుని కళను ప్రేమించిన మనిషి అలా అనుకోవడంలో వింత లేదు. కాకపోతే ఆయన మా తాతయ్యని చూసి ఉంటే బాగుండేది. తాతయ్యకి పద్యనాటకాల పిచ్చి. తెనాలిలో పుట్టినవాడికి అది జబ్బు కాదు, ఆచారం. పద్యం బాగుందంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు, నటుడు మళ్లీ అందుకునేవాడు. చచ్చి పడిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిందని తాతయ్య నవ్వుతూ చెప్పేవారు. ఎన్ని లైఫులో మరి! ప్రేక్షకుడు వేలు పెట్టాడు కాబట్టి అది కళ కాదని మా ఊళ్లో ఎవరూ అనలేదు.

2012 నవంబర్‌లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం పద్నాలుగు గేములను తన సేకరణలో చేర్చుకుంది. పాక్‌మాన్, టెట్రిస్ లాంటి పెద్దల సరసన పాసేజ్ అనే బుల్లి ఆట కూడా ఉంది. జేసన్ రోరర్ 2007లో చేసింది. అయిదు నిమిషాల ఆట. తెర ఎత్తు 16 చుక్కలు, వెడల్పు 100, అంటే ఒక సన్నని రిబ్బను. దాంట్లో ఒక మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తాడు. మొదట్లోనే ఓ అమ్మాయి కనిపిస్తుంది. తగిలితే తోడొస్తుంది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు కాబట్టి ఇరుకు సందుల్లోకి పట్టరు, అక్కడున్న నిధి పెట్టెలు దక్కవు. నడుస్తుండగానే జుట్టు పల్చబడుతుంది, నడుం వంగుతుంది. ముందు ఆవిడ పోతుంది, సమాధి మిగులుతుంది. తర్వాత ఆయన.

పెళ్లయిన కొత్తలో ఇది ఆడుతుంటే మావారు వెనకనుంచి చూసి, చాలా మామూలుగా, "ఆవిణ్ణి తగలనీకు, పెట్టెలు పోతాయి" అన్నారు. ఆ పూట నేను ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. రాత్రి నేను వంటింట్లో ఉండగా ఒక్కరే కూర్చుని ఆడుకున్నారు. ఎలా ఆడారో అడగలేదు గానీ, మర్నాడు పొద్దున కాఫీ ఆయనే పెట్టారు.

అన్నయ్య ఇప్పుడు న్యూజెర్సీలో. తన కూతురు పోయినేడాది వెన్బా అనే గేమ్ ఆడుతూ నాకు వీడియో కాల్ చేసింది. టొరంటోలోని ఒక చిన్న బృందం 2023లో చేసింది, మరుసటి ఏడు బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. కెనడాకి వలసెళ్లిన తమిళ కుటుంబం. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు అలుక్కుపోయి ఉంటే, మిగిలిన ముక్కల్ని బట్టి మనం వండాలి. ఇడ్లీ దగ్గర పిల్ల ఆగిపోయింది. "అత్తా, ఈ ప్లేట్లు ఎలా పెట్టాలి?" అని. వాళ్లింట్లో ఇడ్లీ ఫ్రీజర్ ప్యాకెట్లోంచి వస్తుంది మరి. నేను మా ఇడ్లీ పాత్ర తెచ్చి, రేకులు ఫోన్ ముందు పెట్టి చూపించాను. ఆ తర్వాత గేమ్ ఆగిపోయింది, అమ్మకి ఫోన్ చేసి మినప్పప్పు ఎంత, రవ్వ ఎంత అని కొలతలు రాసుకుంది. అమ్మ కొలతలు తెలిసినవే కదా, "చేతికి తెలుస్తుందే" అంటుంది. పాపం పిల్ల దాన్నే రాసుకుంది. పుస్తకంలో అక్షరాలు చెరిగిపోవడమంటే ఏంటో దానికి నేను వివరించక్కర్లేకపోయింది.

తెలుగులో ఇలాంటిది ఎవరైనా చేస్తే బాగుండు. రాజుల యుద్ధాలు వద్దు, గ్రాఫిక్స్ వద్దు. మా నాయనమ్మ ట్రంకుపెట్టె చాలు.

పాత ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. దాని అసలు కోడ్ పోయిందనే మెక్‌నర్ అనుకున్నాడట, 2012లో వాళ్ల నాన్న అలమరాలో ఫ్లాపీల పెట్టె దొరికితే ఊరందరికీ ఇచ్చేశాడు. అన్నయ్య కూతురికి చూపించాడు. బొమ్మలు చూసి మొదట వెక్కిరించిందట. ఇప్పుడు పన్నెండో లెవెల్లో ఉంది. "అత్తా, వీణ్ణి ఎంత కొట్టినా నేనే చచ్చిపోతున్నా, ఇది బగ్గా?" అని నిన్న అడిగింది. వెనకనుంచి అన్నయ్య గొంతు: "కింది బాణం..." నేను ఫోన్‌లోంచే అరిచాను, "నోరు మూసుకో అన్నయ్యా!" అని. వచ్చే ఆదివారం మళ్లీ చేస్తానంది. ఈలోగా యూట్యూబ్‌లో చూసేస్తే మాత్రం అత్త ఊరుకోదని గట్టిగానే చెప్పాను.